చిన్న డీసీ మోటార్ ఒకసారి తిరిగి, ఒకసారి మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ బ్రష్‌లు ఉండే చిన్న డీసీ మోటార్ల గురించి. బ్రష్‌లంటే లోపల తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంట్ అందించే కార్బన్ దిమ్మలు లేదా రేకులు. బొమ్మల్లో, హాబీ రోబోల్లో, చిన్న పంపుల్లో, ప్రింటర్లలో, కారు కిటికీ అద్దాల్లో ఉండే రకం. పూర్తిగా కాలిపోయిన మోటార్‌తో పెద్ద గొడవ ఉండదు, తీసి పక్కన పడేస్తాం. తలనొప్పంతా ఇప్పుడు తిరిగి, కాసేపటికి ఆగి, విప్పి చూద్దామనుకునేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ తిరిగే దానితోనే.

మోటార్ ఆగిపోయింది. మొట్టమొదట ఏం చేయాలి?

ఏదీ కదపకండి. ఆగగానే దాన్ని ఒకటి మొట్టడం, స్విచ్ ఆపి మళ్ళీ వేయడం, వైర్లు లాగి చూడడం అందరికీ అలవాటే. అలా చేస్తే చాలాసార్లు మోటార్ తిరుగుతుంది కూడా. కానీ లోపం ఎక్కడుందో చెప్పే ఆధారం ఆ దెబ్బతో పోతుంది. మళ్ళీ ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూడాల్సి వస్తుంది.

ఆగిన స్థితిలోనే, కరెంట్ ఇచ్చి ఉండగానే, మోటార్ రెండు టెర్మినళ్ళ మీద మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి. వైర్ల అవతలి కొనలో కాదు, బోర్డు దగ్గర కాదు, సరిగ్గా మోటార్ టెర్మినళ్ళ మీదే. లోపం మోటార్ లోపలా బయటా అన్నది ఈ ఒక్క కొలతతో చాలావరకు తేలిపోతుంది. ఇది తేలకుండా కొత్త మోటార్ కొన్నవాళ్ళలో చాలామందికి కొత్తది కూడా అలాగే ఆగుతుంది.

ఒక జాగ్రత్త: వేడి వాసన వచ్చినా, మోటార్ ఒళ్ళు కాలుతున్నా కొలతల సంగతి తర్వాత, ముందు కరెంట్ తీసేయండి. షాఫ్ట్, అంటే తిరిగే ఇరుసు, బిగుసుకుపోయిన చిన్న మోటార్‌లో వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

ఏ రీడింగ్ వస్తే ఏం అర్థం చేసుకోవాలి?

వోల్టేజ్‌తో పాటు మోటార్ తీసుకునే కరెంట్ కూడా తెలిస్తే కథ దాదాపు ముగిసినట్టే.

వోల్టేజ్ పూర్తిగా ఉంది, కరెంట్ సున్నా: మోటార్ లోపల దారి తెగింది. బ్రష్ కమ్యుటేటర్‌ను (షాఫ్ట్ మీద ఉండి, బ్రష్‌ల నుంచి కరెంట్ తీసుకుని కాయిళ్ళకు అందించే రాగి వలయం) తాకడం లేదు, లేదా ఆ స్థానంలో ఉన్న సెగ్మెంట్‌కు, అంటే ఆ వలయంలోని ఒక ముక్కకు, కాయిల్ కనెక్షన్ ఊడింది, లేదా లోపల ఉండే రక్షణ స్విచ్ తెరుచుకుంది.

వోల్టేజ్ ఉంది, కరెంట్ మామూలు కంటే చాలా ఎక్కువ: మోటార్ తిరగాలని చూస్తోంది, ఏదో పట్టేసింది. గేర్, బేరింగ్, షాఫ్ట్‌కు చుట్టుకున్న వెంట్రుక, ఊడిన మాగ్నెట్ ముక్క, ఏదైనా కావచ్చు. వైండింగ్ షార్ట్ అయినా ఇలాగే కనిపిస్తుంది.

వోల్టేజ్ బాగా తక్కువ, కరెంట్ కూడా తక్కువ: దారి మధ్యలో ఎక్కడో రెసిస్టెన్స్ కూర్చుంది. స్విచ్, కనెక్టర్, సోల్డర్, బ్యాటరీ హోల్డర్ స్ప్రింగ్ లాంటివి వెతకండి. వోల్టేజ్ తక్కువగా ఉండి కరెంట్ మాత్రం ఎక్కువగా ఉంటే, మోటార్ పట్టేసి ఉండడంతో పాటు సప్లై కూడా ఆ భారాన్ని మోయలేకపోతోంది.

రెండూ సున్నా: మోటార్‌ను అనుమానించకండి. అక్కడిదాకా కరెంటే రావడం లేదు.

ఈ కొలతలు తీసేటప్పుడు మోటార్ కనెక్ట్ అయి ఉండాలి. దాన్ని ఊడదీసి వైరు కొనల మీద చూస్తే, తుప్పు పట్టిన కనెక్టర్ కూడా 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. కరెంట్ పారనప్పుడు రెసిస్టెన్స్ మీద వోల్టేజ్ పడదు కదా.

మీటర్ తెచ్చి పెట్టేలోపే మళ్ళీ తిరిగేస్తోంది. ఎలా పట్టుకోవాలి?

పంటినొప్పి డాక్టర్ గుమ్మం ఎక్కగానే తగ్గిపోయినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. అందుకే కొలిచే ఏర్పాటు ముందే చేసి పెట్టుకోవాలి. మోటార్ టెర్మినళ్ళకు రెండు సన్నని వైర్లు సోల్డర్ చేసి బయటికి తెచ్చి వదిలేయండి. మోటార్ వైరుకు సిరీస్‌లో 0.1 ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టి, దాని రెండు కొనల నుంచి కూడా వైర్లు తీయండి. ఆ రెసిస్టర్ మీద 0.1 వోల్ట్ కనిపిస్తే 1 ఆంపియర్ పారుతున్నట్టు. మీటర్‌ను ఆంపియర్ సాకెట్‌లోకి మార్చి సర్క్యూట్ మధ్యలో దూర్చే పని తప్పుతుంది. ఆ దూర్చడంలోనే వైర్లు కదిలి లోపం మాయమవుతుంది మరి.

లోపం క్షణకాలం వచ్చి పోయేదైతే డిజిటల్ మీటర్ దాన్ని చూపించలేదు. దాని డిస్‌ప్లే సెకనుకు రెండుమూడు సార్లే మారుతుంది. మిన్, మ్యాక్స్ గుర్తుపెట్టుకునే మీటర్ ఉంటే కొంత నయం, కానీ మరీ చిన్న అంతరాయాలు దానికీ దొరకవు. చౌకైన ఉపాయం: మోటార్ టెర్మినళ్ళకు అడ్డంగా తగిన రెసిస్టర్‌తో ఒక ఎల్ఈడీ పెట్టడం. మోటార్ ఆగినా ఎల్ఈడీ వెలుగుతూ ఉంటే లోపం లోపల ఉన్నట్టు. మోటార్‌తో పాటు ఎల్ఈడీ కూడా ఆరిపోతే లోపం బయట. ఫోన్‌తో వీడియో తీస్తూ వదిలేస్తే మీరు పక్కన కూర్చోవాల్సిన పని కూడా లేదు.

చేత్తో షాఫ్ట్ కాస్త తిప్పితే స్టార్ట్ అవుతోంది. ఒకసారి తిరిగితే ఇక ఆగదు. ఎందుకు?

ఇది కమ్యుటేటర్ సెగ్మెంట్ లేదా కాయిల్ తెగినప్పుడు కనిపించే లక్షణం. చిన్న మోటార్లలో ఎక్కువ వాటికి 3 కాయిళ్ళు, 3 సెగ్మెంట్లు ఉంటాయి. అన్నీ బాగుంటే రోటర్ (కాయిళ్ళతో సహా తిరిగే భాగం) ఏ కోణంలో ఆగినా మళ్ళీ స్టార్ట్ కావాలి. ఒక సెగ్మెంట్ దగ్గర కనెక్షన్ ఊడితే, బ్రష్ సరిగ్గా దాని మీద ఆగిన రోజున కరెంట్ పారదు, లేదా తిప్పే బలం చాలదు. తిరుగుతున్నప్పుడు మాత్రం ఆ చచ్చు స్థానాన్ని రోటర్ తన ఊపుతోనే దాటేస్తుంది. అందుకే ఆగిన ప్రతిసారీ కాక, ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది.

దీన్ని ఖాయం చేసుకోవడానికి షాఫ్ట్ మీద మార్కర్‌తో ఒక గీత పెట్టండి. ఎప్పుడు ఆగినా గీత ఒకే దిక్కుకు ఉంటే లోపం ఆర్మేచర్‌లోనే, అంటే రోటర్ కాయిళ్ళలోనో సెగ్మెంట్లలోనో. గేర్‌బాక్స్ ఉన్న మోటార్‌లో మాత్రం గీత ఎక్కడ పెట్టామో చూసుకోవాలి. బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు లోపలి రోటర్ పదుల చుట్లు తిరుగుతుంది. కాబట్టి బయటి షాఫ్ట్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందంటే అనుమానించాల్సింది పెద్ద గేర్ పన్నును, కాయిల్‌ను కాదు.

అదే సంగతి రెసిస్టెన్స్ కొలిచి తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, ఇందులో తప్పుదారి పట్టించే విషయాలు కూడా ఉన్నాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు కాయిళ్ళు త్రికోణంగా కలిపిన, అంటే డెల్టా కనెక్షన్ ఉన్న మోటార్. ఒక్కో కాయిల్ 6 ఓమ్‌లు. రోటర్ బయటికి తీసి ఏ రెండు సెగ్మెంట్ల మధ్య కొలిచినా 4 ఓమ్‌లు రావాలి, ఎందుకంటే 6 ఓమ్‌ల కాయిల్‌కు సమాంతరంగా మిగతా రెండూ కలిసి 12 ఓమ్‌లు ఉన్నాయి. ఒక కాయిల్ తెగితే మూడు రీడింగులు 12, 6, 6 గా మారతాయి. ఒక కాయిల్ పూర్తిగా షార్ట్ అయితే 0, 3, 3 వస్తాయి. అంకెలు మీ మోటార్‌కు వేరుగా ఉంటాయి, ఈ నిష్పత్తి మాత్రం ఇదే.

విప్పకుండా బయటి టెర్మినళ్ళ మీద కొలిస్తే కథ కొంచెం మారుతుంది. షాఫ్ట్‌ను మెల్లగా తిప్పుతూ, ప్రతి స్థానంలో పూర్తిగా ఆపి రీడింగ్ తీసుకోవాలి. తిరుగుతుండగా మోటారే జనరేటర్‌లా వోల్టేజ్ పుట్టిస్తుంది, అప్పుడు వచ్చే అంకెకు అర్థం లేదు. ఇంకోటి, కొన్ని కోణాల్లో బ్రష్ రెండు సెగ్మెంట్లను ఒకేసారి తాకుతుంది. అప్పుడు ఇందాకటి మోటార్ 4 బదులు 3 ఓమ్‌లు చూపిస్తుంది. అది లోపం కాదు. 3, 4 మధ్య ఊగితే ఆరోగ్యంగా ఉన్నట్టే. 6, 12 లాంటివి కనిపిస్తే, లేదా ఒక కోణంలో అసలు దారే లేకపోతే అప్పుడు పట్టించుకోవాలి.

మీటర్ పంపే కరెంట్ చాలా తక్కువ కాబట్టి కమ్యుటేటర్ మీది పలుచని మురికి పొర కూడా రీడింగ్‌ను పెంచేస్తుంది. అనుమానం ఉంటే పవర్ సప్లై నుంచి 100 మిల్లీఆంపియర్లు పారించి, టెర్మినళ్ళ మీద వోల్టేజ్ చూడండి. 0.4 వోల్ట్ వస్తే 4 ఓమ్‌లు. మీటర్ ప్రోబ్ వైర్ల రెసిస్టెన్స్ కూడా ఈ లెక్కలోకి రాదు.

చిన్నగా తడితే చాలు, తిరుగుతోంది. ఇది కూడా అదేనా?

కాదు. షాఫ్ట్ తిప్పకుండా, కేవలం తట్టడంతోనే లేస్తే ముందు చూడాల్సింది బ్రష్‌లు. కార్బన్ బ్రష్ దాని గూడులో స్వేచ్ఛగా జారాలి. అరిగిన కార్బన్ పొడి, ఎక్కడి నుంచో వచ్చిన నూనె కలిసి జిగురుగా తయారైతే బ్రష్ గూడులోనే ఇరుక్కుంటుంది. స్ప్రింగ్ నెట్టినా కమ్యుటేటర్ దాకా రాదు. తడితే ఒక్క పిసరు జారి తాకుతుంది, మోటార్ లేస్తుంది, కొన్నాళ్ళకు మళ్ళీ అదే.

స్ప్రింగ్ సంగతి విడిగా చెప్పాలి. కొన్ని బ్రష్‌లకు వెనక సన్నని రాగి జడ వైరు ఉంటుంది, కరెంట్ దాని గుండానే పారాలి. ఆ జడ తెగితే కరెంట్ స్ప్రింగ్ గుండా పోతుంది, స్ప్రింగ్ వేడెక్కి మెత్తబడుతుంది, నొక్కే బలం పోతుంది. కొత్త బ్రష్ వేసినా పాత స్ప్రింగ్ ఉంటే లోపం తిరిగొస్తుంది. స్ప్రింగ్ రంగు నీలంగానో గోధుమగానో మారి ఉంటే మార్చేయడమే.

బొమ్మల మోటార్లలో కార్బన్ దిమ్మ ఉండదు. సన్నని రాగి మిశ్రమం రేకులే బ్రష్‌లు. వాటి వేళ్ళు వంగినా, ఒకటి విరిగినా లక్షణాలు ఇవే. తట్టినప్పుడు లేచేది సోల్డర్ జాయింట్ పగులు వల్ల కూడా కావచ్చు, కాబట్టి విప్పే ముందు టెర్మినల్ దగ్గర సోల్డర్‌ను భూతద్దంతో ఒకసారి చూడండి. చుట్టూ వలయంలా సన్నని గీత కనిపిస్తే అది పగిలినట్టే.

కమ్యుటేటర్ నల్లగా ఉంది. ఎలా శుభ్రం చేయాలి?

ముందు నలుపును చూసి కంగారు పడకండి. కార్బన్ బ్రష్‌లతో నడిచే కమ్యుటేటర్ మీద నున్నగా, సమానంగా ఉండే చాక్లెట్ రంగు పొర మంచిదే, అది అరుగుదల తగ్గిస్తుంది. చెడ్డది గరుకుగా, మచ్చలు మచ్చలుగా, సెగ్మెంట్ అంచుల దగ్గర కాలినట్టు ఉండేది. ఒకే సెగ్మెంట్ అంచు ఎక్కువ కాలి ఉంటే ఆ కాయిల్ కనెక్షన్‌ను తప్పక పరీక్షించండి. అది మురికి వల్ల వచ్చింది కాదు.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్ల చాలు. సెగ్మెంట్ల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్‌ను వెదురు పుల్లతో గీకి తీయండి. ఆ పొడి రెండు సెగ్మెంట్లను కలిపేసి అప్పుడప్పుడూ షార్ట్ చేస్తుంది, స్పార్క్‌లు పెరుగుతాయి. మచ్చలు పోకపోతే ఫైబర్ గ్లాస్ పెన్ లేదా బాగా నునుపైన గ్లాస్ పేపర్‌తో తేలికగా రుద్దండి. ఎమరీ పేపర్ వద్దు. దాని గట్టి రేణువులు రాగిలో దిగబడి బ్రష్‌ను రంపంలా కోస్తాయి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కరెంట్ ఇవ్వండి, బ్రష్ దగ్గర స్పార్క్ వస్తుందని మర్చిపోవద్దు.

కమ్యుటేటర్ శుభ్రం చేసిన కొద్ది రోజులకే మళ్ళీ పాడవుతుంటే దగ్గర్లో సిలికోన్ సీలెంట్ ఏమైనా వాడారా చూడండి. దాని ఆవిరి బ్రష్ స్పార్క్‌లో కాలి కరెంట్ పారనివ్వని ఇసుక లాంటి పొరగా మారుతుంది. మూసిన డబ్బాలో మోటార్ పెట్టి, మూత సిలికోన్‌తో అతికించినవాళ్ళకు ఈ అనుభవం తరచుగా ఎదురవుతుంది.

తుప్పు వదిలించే స్ప్రే లోపలికి కొడితే తిరుగుతోందంటున్నారు, కొట్టొచ్చా?

తిరుగుతుంది, కొన్నాళ్ళు. ఆ స్ప్రేలో ఉండే నూనె కార్బన్ పొడితో కలిసి పేస్ట్ అవుతుంది, ఇందాక చెప్పిన బ్రష్ ఇరుక్కునే జబ్బు మొదలవుతుంది. కొట్టకండి. తప్పనిసరైతే, ఆరిపోయే రకం, నూనె మిగల్చని కాంటాక్ట్ క్లీనర్ వాడండి.

కాసేపు నడిచాక ఆగిపోతోంది. చల్లారాక మళ్ళీ మామూలే. ఏమిటిది?

దీనికి కారణాలు నాలుగైదు ఉన్నాయి, అన్నీ వేడితో ముడిపడినవే.

మొదట రక్షణ పరికరం. కారు కిటికీ మోటార్లు, డోర్ లాక్ మోటార్ల లోపల చాలాసార్లు పీటీసీ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగి కరెంట్‌ను దాదాపు ఆపేస్తుంది. కిటికీ అద్దాన్ని వరసగా పైకీ కిందికీ ఆడిస్తే ఆగిపోవడం దీనివల్లే, అది లోపం కాదు. స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపు ఆ కొద్దిపాటి కరెంటే బిళ్ళను వేడిగా ఉంచుతుంది. కాబట్టి వదిలేసి కొన్ని నిమిషాలు ఆగాలి. మామూలు వాడకంలోనే ఇలా ట్రిప్ అవుతుంటే మాత్రం ఏదో మోటార్‌ను ఎక్కువ కష్టపెడుతోంది. అద్దం జారే రబ్బరు గాడి ఎండిపోవడం అందరికీ తెలిసిన కారణం.

రెండోది డ్రైవర్ ఐసీ, అంటే బోర్డు ఆజ్ఞ ప్రకారం మోటార్‌కు కరెంట్ అందించే చిప్. వేడెక్కితే అది తనను తాను ఆపుకుంటుంది, చల్లారగానే మళ్ళీ మొదలుపెడుతుంది. మోటార్ కొన్ని సెకన్లకోసారి కుదిపినట్టు తిరిగి ఆగుతుంటే దీన్నే చూడండి. ఎల్298ఎన్ లాంటి పాత డ్రైవర్లలో 1 ఆంపియర్ దగ్గరే సుమారు 2 వోల్టులు లోపలే ఖర్చైపోతాయి. ఆ 2 వాట్లూ వేడిగానే బయటికి రావాలి.

మూడోది మోటార్ తానే. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. వైండింగ్ 60 డిగ్రీలు వేడెక్కితే అది నాలుగో వంతు పెరుగుతుంది, స్టార్టింగ్ బలం ఐదో వంతు తగ్గుతుంది. అప్పటికే అంచున నడుస్తున్న మోటార్‌కు ఆ తేడా చాలు.

మిగిలినవి, వేడికి వ్యాకోచించి విడిపోయే సోల్డర్ పగులు, బిగుసుకునే బేరింగ్. కరెంట్ తీసి, వేడిగా ఉండగానే షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూస్తే బేరింగ్ సంగతి వెంటనే తెలుస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో భాగాన్నే విడిగా వేడి చేస్తూ పోతే మిగతావి కూడా దొరుకుతాయి. ముందు డ్రైవర్ బోర్డు, తర్వాత కనెక్టర్, చివరికి మోటార్.

చాలా రోజులు వాడకుండా ఉంచి వేస్తే తిరగదు, నాలుగైదు సార్లు స్విచ్ వేస్తే లేస్తుంది. పాడైనట్టేనా?

చాలాసార్లు కాదు. కమ్యుటేటర్ మీద ఆక్సైడ్ పొర కట్టి ఉంటుంది, తిరిగితే బ్రష్ దాన్ని చెరిపేస్తుంది. చాలా తక్కువ కరెంట్‌తో నడిచే మోటార్లకు ఈ బెడద ఎక్కువ, పొరను ఛేదించే శక్తి ఆ కరెంట్‌కు ఉండదు. అప్పుడప్పుడూ కాసేపు నడిపితే సరిపోతుంది. ప్రతిరోజూ వాడుతున్నా ఇలాగే ఉంటే మాత్రం బ్రష్‌లను చూడాలి.

బ్యాటరీ, సప్లై విడిగా చూస్తే బాగానే ఉన్నాయి. మోటార్ కలిపితే నీరసపడుతోంది.

స్టార్ట్ అయ్యే క్షణంలో మోటార్ తీసుకునే కరెంట్, తిరుగుతున్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వోల్టేజ్‌ను వైండింగ్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే అదెంతో వస్తుంది. 12 వోల్టుల మోటార్‌కు 4 ఓమ్‌లు ఉంటే 3 ఆంపియర్లు. అదే మోటార్ భారం లేకుండా తిరిగేటప్పుడు 0.2 ఆంపియర్లే తీసుకోవచ్చు. దారిలో ఎక్కడైనా 2 ఓమ్‌ల చెడ్డ కాంటాక్ట్ ఉంటే, తిరుగుతున్నప్పుడు 0.4 వోల్ట్ మాత్రమే పోతుంది, ఎవరికీ తెలియదు. స్టార్టింగ్‌లో మాత్రం 12 లో 4 వోల్టులు అక్కడే ఆగిపోతాయి.

వెతికే పద్ధతి: మోటార్ స్టార్ట్ కావడానికి పెనుగులాడుతున్నప్పుడు ఒక్కో జాయింట్‌కు అటూ ఇటూ ప్రోబ్‌లు పెట్టి వోల్టేజ్ చూడండి. మంచి కనెక్టర్ మీద, స్విచ్ మీద మిల్లీవోల్టుల్లోనే ఉండాలి. ఎక్కడ అర వోల్ట్ దాటిందో దొంగ అక్కడే. ప్లస్ వైపు అంతా వెతికి మైనస్ వైరును వదిలేసేవాళ్ళు ఎక్కువ. కరెంట్ వెళ్ళినంత తిరిగి రావాలి, ఆ దారినీ చూడండి.

మీటర్ బీప్ మోగుతోంది. వైరు బాగున్నట్టే కదా?

కాదు. వైరులోని తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ మోగుతుంది. ఆ పోగు గుండా మిల్లీఆంపియర్ పారుతుంది కానీ 3 ఆంపియర్లు పారవు. వైరును పరీక్షించాలంటే దాని గుండా బల్బు వెలిగించాలి. కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. బల్బు వెలుగుతుండగా వైరును పొడవునా కాస్త కాస్త వంచుతూ రండి. మోటార్ టెర్మినల్‌కు దగ్గరగా, సోల్డర్ పాకి వైరు గట్టిపడిన చోటు అయిపోయే దగ్గర తెగడం ఎక్కువ. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు.

మోటార్ స్టార్ట్ అయినప్పుడల్లా మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతోంది.

మోటార్ చెడిపోలేదు. స్టార్టింగ్ కరెంట్‌కు సప్లై వోల్టేజ్ క్షణకాలం కుంగుతోంది, లేదా బ్రష్‌ల స్పార్క్ నాయిస్ బోర్డులోకి చొరబడుతోంది. మోటార్‌కు, బోర్డుకు సప్లైలు వేరు చేసి గ్రౌండ్ మాత్రం కలపండి. డ్రైవర్ సప్లై పిన్నుల దగ్గర 470 నుంచి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, మోటార్ టెర్మినళ్ళ మీదే 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. మోటార్ వైర్లు రెండింటినీ మెలిపెట్టి, సిగ్నల్ వైర్లకు దూరంగా తీసుకెళ్ళండి. ఒకే ట్రాన్సిస్టర్‌తో ఒకే దిశలో నడిపితే మోటార్‌కు అడ్డంగా రివర్స్ డయోడ్ తప్పనిసరి. రెండు దిశల్లో తిప్పే హెచ్ బ్రిడ్జ్ అయితే అలా ఒంటి డయోడ్ పెట్టకూడదు, దిశ మార్చగానే అది సప్లైని షార్ట్ చేస్తుంది.

టెర్మినళ్ళ మీద ఉన్న ఆ సిరామిక్ కెపాసిటర్ పగిలితే అదే అప్పుడప్పుడూ షార్ట్ అవుతుంది. మోటార్‌లో ఏ లోపమూ దొరకనప్పుడు దాన్నొకసారి ఊడదీసి చూడండి.

తక్కువ స్పీడ్‌లో పెడితే ఒక్కోసారి కదలకుండా సన్నగా కూస్తూ ఉంటుంది.

ఆ కూత పీడబ్ల్యూఎమ్ ఫ్రీక్వెన్సీ. స్పీడ్ తగ్గించడానికి కరెంట్‌ను వేగంగా వేస్తూ ఆపుతూ ఉండే పద్ధతే పీడబ్ల్యూఎమ్, అందులో కరెంట్ వేసి ఉంచే సమయం వాటాను డ్యూటీ అంటారు. ఆగి ఉన్నప్పటి రాపిడి, తిరుగుతున్నప్పటి రాపిడి కంటే ఎక్కువ. తక్కువ డ్యూటీలో దాన్ని దాటే బలం రాదు. స్టార్టింగ్‌లో సెకనులో పదో వంతు సేపు పూర్తి డ్యూటీ ఇచ్చి, తర్వాత కావలసిన స్పీడ్‌కు దించితే సరి. కూస్తూ అలాగే వదిలేస్తే వైండింగ్ వేడెక్కుతుంది.

మోటార్ శబ్దం వినిపిస్తోంది, బయటి చక్రం మాత్రం ఒకసారి తిరిగి ఒకసారి తిరగదు.

గేర్. చాలా మటుకు మోటార్ షాఫ్ట్ మీద బిగించిన చిన్న ప్లాస్టిక్ గేర్ మధ్య రంధ్రం దగ్గర నిలువుగా చీలి ఉంటుంది. భారం లేనప్పుడు తిరుగుతుంది, భారం పడగానే షాఫ్ట్ మీద జారుతుంది. చీలిక వెంట్రుకంత ఉంటుంది, తీసి వంచితేనే కనిపిస్తుంది. అతికించడం దండగ, మార్చండి.

బేరింగ్‌కు నూనె వేయొచ్చా?

చిన్న మోటార్లలో ఎక్కువగా ఉండేవి నూనె పీల్చుకున్న సింటర్డ్ కంచు బుష్‌లు. కీచుమంటుంటే సన్నని మెషీన్ ఆయిల్ ఒక చుక్క, సూది మొనతో, షాఫ్ట్ బుష్‌లోకి దూరే చోట పెట్టండి. కమ్యుటేటర్ వైపు బుష్ అయితే అందులో సగం చాలు. మిగిలింది తుడిచేయండి. వంటనూనె వేస్తే కొన్నాళ్ళకు జిగురవుతుంది. బాల్ బేరింగ్ ఉన్నవి శబ్దం చేస్తే నూనె వేసి కాలం గడిపేకంటే మార్చడం మేలు.

మాగ్నెట్ బలహీనపడి ఉంటుందా?

అప్పుడప్పుడూ వచ్చే లోపానికి అది కారణం కాదు. మాగ్నెట్ బలం తగ్గితే మోటార్ ఎప్పుడూ ఒకేలా బలహీనంగా ఉంటుంది. భారం లేనప్పుడు మునుపటి కంటే వేగంగా కూడా తిరుగుతుంది, కరెంట్ ఎక్కువ లాగుతుంది. జిగురు ఊడి మాగ్నెట్ జరిగి రోటర్‌కు తగలడం వేరే సంగతి. షాఫ్ట్ చేత్తో తిప్పినప్పుడు గీసుకునే శబ్దం వస్తే అదే.

కంప్యూటర్ ఫ్యాన్, సర్వో మోటార్‌కు కూడా ఇవే వర్తిస్తాయా?

కంప్యూటర్ ఫ్యాన్‌లో బ్రష్‌లు ఉండవు. పట్టేసినప్పుడు దాని ఐసీ కరెంట్ ఆపి, కొన్ని సెకన్లకోసారి మళ్ళీ ప్రయత్నిస్తుంది, అందుకే కుదుపులు కనిపిస్తాయి. దుమ్ము, బేరింగ్ చూడండి. సర్వో లోపల మాత్రం మామూలు బ్రష్ మోటారే ఉండొచ్చు, కానీ ఒకే కోణం దగ్గర వణికితే అనుమానించాల్సింది స్థానాన్ని చెప్పే పొటెన్షియోమీటర్‌ను. దాని ట్రాక్ అక్కడ అరిగి ఉంటుంది.

విప్పి బాగుచేయడమా, కొత్తది వేయడమా?

బొమ్మల్లో ఉండే 130 సైజు మోటార్‌ను విప్పడం నేర్చుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి లాభం లేదు. మూత పట్టి ఉంచే రేకు మడతలు రెండుమూడు సార్లు వంచితే విరిగిపోతాయి. తిరిగి బిగించేటప్పుడు బ్రష్‌లను వెనక్కి పట్టి ఉంచకుండా రోటర్ తోస్తే అవి వంగిపోతాయి. బ్రష్‌లు బయటి నుంచి మార్చుకునే వీలున్న పెద్ద మోటార్లు బాగుచేయడం మాత్రం తప్పకుండా లాభమే. కొత్త బ్రష్‌లు వేశాక, అవి కమ్యుటేటర్ వంపుకు సర్దుకునేదాకా తక్కువ వోల్టేజ్‌తో, భారం లేకుండా నడపండి.

కొత్తది కొనేటప్పుడు సైజు నంబరు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఒకే 540 సైజులో వేర్వేరు వైండింగులు ఉంటాయి. వోల్టేజ్, భారం లేని వేగం, షాఫ్ట్ వ్యాసం, స్క్రూ రంధ్రాల దూరం చూసుకోవాలి. కుదిరితే వైండింగ్ రెసిస్టెన్స్ కూడా కొలిచి పాతదానితో పోల్చండి.

బాగైందని ఎలా నమ్మాలి? మళ్ళీ వారానికి ఆగితే?

పది నిమిషాలు తిరిగిందంటే బాగైనట్టు కాదు, స్టార్టింగ్‌లు ఎన్ని దాటిందో చూడాలి. మామూలు వోల్టేజ్‌లో సగం ఇచ్చి, ఆపుతూ వేస్తూ కనీసం వంద సార్లు స్టార్ట్ చేయించండి. మైక్రోకంట్రోలర్ ఉంటే ఆ పని దానికే అప్పగించవచ్చు. సగం వోల్టేజ్‌లో చచ్చు స్థానాలు, బలహీనమైన బ్రష్ స్ప్రింగులు దాక్కోలేవు. తర్వాత పూర్తి భారంతో వేడెక్కేదాకా నడిపి, వేడిగా ఉండగానే ఆ పరీక్ష మళ్ళీ చేయండి. ఆసిల్లోస్కోప్ ఉన్నవాళ్ళు ఇందాకటి 0.1 ఓమ్ రెసిస్టర్ మీద తరంగం చూడండి. 3 సెగ్మెంట్ల మోటార్ ఒక చుట్టుకు 6 ఎత్తుపల్లాలు చూపిస్తుంది, ఆరూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. ప్రతి చుట్టులోనూ అదే స్థానంలో ఒకటి కుంగి కనిపిస్తే, మోటార్ ఇప్పుడు ఎంత చక్కగా తిరుగుతున్నా సరే, ఆ సెగ్మెంట్ సోల్డర్‌ను మళ్ళీ వేయాల్సిందే.